బోనులోంచి బాత్‌రూమ్‌లోకి: మా చుక్కమ్మకి ఇల్లు అలవాటవుతోంది

నమస్తే అండీ, అందరూ బాగున్నారా? ఈ రోజు వీడియోలో షాపింగ్ లేదు, వంట లేదు. మా గెస్ట్ బాత్‌రూమ్ చూపిస్తాను. టబ్ పక్కన ఉన్న ఆ అట్టపెట్టెలోంచి రెండు కళ్ళు కనిపిస్తున్నాయి కదా, అదే మా చుక్కమ్మ. కెమెరా గుమ్మం దగ్గర పెట్టి జూమ్ చేశాను, అందుకే వీడియో కొంచెం మసకగా ఉంది. తెలుపు, నలుపు, నారింజ మూడు రంగులూ ఉన్నాయి చూడండి. ఇలా మూడు రంగులుండే పిల్లులు దాదాపు అన్నీ ఆడవే.

మేముండేది డల్లాస్‌కి ఉత్తరాన ఫ్రిస్కోలో. మా అపార్ట్‌మెంట్ల వెనక చిన్న వాగు ఉంది. రాత్రిళ్ళు అటు కయోటీలు, అంటే తోడేళ్ళలాంటి అడవి జంతువులు కూడా తిరుగుతాయి. చుక్కమ్మ చాలా నెలలుగా మా పార్కింగ్‌లో కార్ల కింద కనిపించేది. మనిషి అలికిడి వింటే చాలు, మాయమయ్యేది. ఒకరోజు సాయంత్రం ముందు కాలు కింద ఆనించకుండా మూడు కాళ్ళ మీద నడుస్తూ కనిపించింది. భుజం దగ్గర పెద్ద వాపు. కుంటుతున్న పిల్లి కయోటీ నుంచి తప్పించుకోలేదు కదా, అందుకే ఇక ఆలస్యం చేయలేదు.

ఇలాంటి పిల్లిని దయచేసి చేతులతో పట్టుకోవద్దండీ. నొప్పితో ఉన్నది తప్పకుండా కరుస్తుంది. పిల్లి పళ్ళు సన్నగా ఉంటాయి, సూదిలా లోపలికి దిగుతాయి, చెయ్యి వాచిపోయి మనం డాక్టర్ దగ్గరికి పరిగెత్తాల్సి వస్తుంది. పైగా టెక్సాస్‌లో స్కంక్‌లకీ (దుర్వాసన చిమ్మే చిన్న జంతువులు) గబ్బిలాలకీ రేబిస్ ఉండొచ్చు. మనిషిని కరిచిన పిల్లిని 10 రోజులు విడిగా ఉంచి గమనించాలనేది ఇక్కడి రూల్. అందుకే తలుపు దానంతట అదే పడే బోను అరువు తెచ్చాం. లోపలి చివర ట్యూనా పెట్టాం. అది లోపలికి వెళ్ళగానే బోను మొత్తం దుప్పటితో కప్పేశాం. చీకటి అయితే పిల్లి కొట్టుకోవడం ఆపేస్తుంది. ఈ ఒక్క పని చేయకపోతే భయంతో ముక్కు, పంజాలు తీగలకి గుద్దుకుని ఇంకా దెబ్బలు తగిలించుకుంటుంది.

వెట్, అంటే పశువుల డాక్టర్, మొదట యజమాని ఎవరో తెలిపే మైక్రోచిప్ ఒంట్లో ఉందేమో స్కాన్ చేశారు. లేదు. కానీ ఎడమ చెవి కొస కత్తిరించి ఉంది, తిన్నగా గీత గీసినట్టు. అంటే ఎవరో దీన్ని ఇంతకుముందు పట్టుకుని పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేయించి, తిరిగి అక్కడే వదిలిపెట్టారన్నమాట. మత్తులో ఉన్నప్పుడే ఆ చెవి గుర్తు పెడతారు, దూరం నుంచే తెలియడానికి. పేరు తెలియని ఆ మనిషికి నేను మనసారా థాంక్స్ చెప్పుకున్నాను.

వాపు ఏమిటంటే, వేరే పిల్లి కరిచిన గాటు. పిల్లి చర్మం పైన త్వరగా మూసుకుపోతుంది, లోపల మిగిలిన క్రిములతో చీము పడుతుంది. మత్తిచ్చి చీము తీసి కడిగారు. రోజూ మాత్ర మింగించడం కుదరని పిల్లి కాబట్టి, సుమారు రెండు వారాలు పనిచేసే యాంటీబయాటిక్ ఒకే ఇంజెక్షన్‌గా ఇచ్చారు. రేబిస్ టీకా వేశారు. పిల్లులకి వచ్చే ల్యుకేమియా వైరస్, వాటి రోగనిరోధక శక్తిని దెబ్బతీసే ఎఫ్‌ఐవీ వైరస్, రెండింటికీ రక్తపరీక్ష చేశారు, రెండూ లేవు. అయితే ఎఫ్‌ఐవీ ముఖ్యంగా లోతైన కాటు ద్వారానే అంటుకుంటుంది, టెస్టులో బయటపడటానికి టైమ్ పడుతుంది. అందుకని రెండు నెలల తర్వాత మళ్ళీ చేయించాలి.

ఇక అసలు సంగతి. గాయం మానడం సులువే. భయం మానడానికే ఓపిక కావాలి.

చాలామంది ఇంటికి తేగానే పిల్లిని హాల్లో వదిలేస్తారు, స్వేచ్ఛగా ఉంటుందని. బయట పెరిగిన పిల్లికి కొత్త ఇల్లు స్వేచ్ఛ కాదండీ. ఎటు నుంచి ఏమొస్తుందో తెలియని చోటు. ఒక్క చిన్న గది ఇస్తే నాలుగు మూలలూ త్వరగా తెలిసిపోతాయి. మేము టాయిలెట్ మూత వేసేసి, సింక్ కింద సందుల్ని అట్టలతో మూసి, దాక్కోవడానికి పెట్టె పెట్టాం. ఆ పెట్టె చిన్న విషయం అనుకోకండి. నెదర్లాండ్స్‌లో దిక్కులేని జంతువుల్ని ఉంచే ఒక షెల్టర్‌లో కొత్తగా వచ్చిన పిల్లుల్లో సగానికి దాక్కునే పెట్టెలిచ్చి, మిగతావాటికి ఇవ్వకుండా చూశారు. 2014లో ఆ ఫలితాలు వచ్చాయి. పెట్టె ఉన్నవి మొదటి రోజుల్లోనే తేరుకున్నాయి. కాబట్టి బయటికి రావడం లేదని పెట్టె తీసేయకూడదు, అందులోంచి లాగకూడదు. ఆ పెట్టెలోకి నా చెయ్యి ఎప్పుడూ వెళ్ళదు.

లిట్టర్, అంటే పిల్లి టాయిలెట్ ట్రేలో పోసే ఇసుకలాంటిది, దాని విషయంలో ఒక ఉపాయం పనిచేసింది. దీనికి తెలిసిన టాయిలెట్ మట్టే కదా. మందులు కలపని తోట మట్టి కొంచెం, వాసన లేని లిట్టర్ కొంచెం కలిపి పెట్టాం. వెంటనే వాడింది. తర్వాత మెల్లగా మట్టి తగ్గించుకుంటూ వచ్చాం.

తిండి మీద మాత్రం కన్నేసి ఉంచాలి. భయంతో పిల్లి తినడం మానేస్తే రెండు మూడు రోజులకే కాలేయానికి ముప్పు మొదలవుతుంది. ఒక రోజంతా ముట్టకపోతే వెట్‌కి ఫోన్ చేయడమే. చుక్కమ్మ మొదట్లో మేమంతా పడుకున్నాకే తినేది. తడి తిండి కొంచెం గోరువెచ్చగా చేసి పెడితే వాసన బాగా వస్తుంది, దానికి లొంగింది.

ఇక్కడ మా అత్తయ్య గురించి చెప్పాలి. ఆవిడ తెనాలి నుంచి వచ్చి ఉన్నారు. మొదట "ఇంట్లో పిల్లేంటమ్మా, చంటి పిల్లతో" అన్నారు. మాట నిజమే, అందుకే పాపని ఆ గదిలోకి పంపం, లిట్టర్ తీశాక చేతులు సబ్బుతో కడుగుతాం. కానీ రెండో రోజు నేను ఆఫీస్ మీటింగ్‌లో ఉంటే, అత్తయ్య చిన్న స్టూల్ తెచ్చుకుని బాత్‌రూమ్ గుమ్మం బయట కూర్చుని, రోజూ చదువుకునే స్తోత్రాలు అక్కడే చదువుకుంటున్నారు. పిల్లి వైపు చూడలేదు, పిలవలేదు. అదే గొంతు, అదే వేళ, అదే రాగం. రోజూ అంతే. పిల్లికి కావలసింది సరిగ్గా అదే. మనిషి ఉంటాడు, మాట్లాడతాడు, ఏమీ చేయడు అని నమ్మకం కుదరాలి. చుక్కమ్మ మొదటిసారి పగటి పూట పెట్టె బయటికొచ్చి తిన్నది ఆవిడ ముందే. అప్పుడు "అమ్మాయ్, గట్టిగా అనకు, తింటోంది" అని ఆవిడ గుసగుసలాడిన క్లిప్ ఇప్పుడు వింటున్నారు మీరు. చుక్కమ్మ అని పేరు పెట్టింది కూడా ఆవిడే.

కళ్ళతో మాట్లాడటం నేనూ నేర్చుకున్నాను. తేరిపార చూస్తే పిల్లికి అది బెదిరింపు. పక్కకి తిరిగి కూర్చుని, కళ్ళు సగం మూసి, మెల్లగా మూసి తెరవాలి. 2020లో ఇంగ్లండ్‌లోని ససెక్స్ యూనివర్సిటీ వాళ్ళు దీన్ని పరీక్షించి చూశారు. అలా చేసిన మనుషులకి పిల్లులు కూడా కళ్ళు మూసి బదులిచ్చాయి, కొత్తవాళ్ళ చెయ్యి దగ్గరికి రావడానికి ఎక్కువ ఇష్టపడ్డాయి. చుక్కమ్మ నాకు బదులిచ్చిన రోజు నాకు కళ్ళలో నీళ్ళు తిరిగాయి. తర్వాత పొడుగు గరిటె చివర మెత్తటి ట్రీట్ రాసి అందించాం. మెల్లగా గరిటె స్థానంలో చిన్న స్పూన్, ఆ తర్వాత వేలు.

మన ఇళ్ళల్లో శబ్దాలు ఎక్కువ. కుక్కర్ విజిల్, మిక్సీ, ఇక్కడైతే వాక్యూమ్ కూడా. విజిల్ వినగానే టబ్ గోడలెక్కడానికి చూసేది. అందుకని విజిల్ శబ్దం ఫోన్‌లో రికార్డ్ చేసి, తిండి పెట్టేటప్పుడు చాలా చిన్న వాల్యూమ్‌లో వినిపించాను. భయపడకపోతేనే మరునాడు కొంచెం పెంచేదాన్ని. ఇప్పుడు నిజం విజిల్ వచ్చినా చెవులు మాత్రమే తిప్పుతుంది.

మన తెలుగు ఇళ్ళకి ముఖ్యంగా చెప్పాల్సినవి కొన్ని ఉన్నాయి. జ్వరానికి మనం వేసుకునే పారాసెటమాల్, ఇక్కడి టైలెనాల్, పిల్లికి విషం. ఆ మందుని విరిచే శక్తి దాని కాలేయానికి లేదు, ఒక్క మాత్రకే ప్రాణం పోవచ్చు. ఉల్లి, వెల్లుల్లి ఏ రూపంలో తిన్నా రక్తకణాలు దెబ్బతింటాయి, కాబట్టి మన కూర కలిపిన అన్నం వద్దు. పాలన్నం కూడా వద్దు, పెద్ద పిల్లుల్లో చాలావాటికి పాలు అరగవు, విరేచనాలు పట్టుకుంటాయి. గాయానికి పసుపు రాయకండి, అది నాకేస్తుంది. కర్పూరం అందకుండా పెట్టండి. లిల్లీ పూలైతే ఇంట్లోకే రానివ్వకండి, పుప్పొడి ఒంటి మీద పడి నాకినా, వాజ్‌లో నీళ్ళు తాగినా కిడ్నీలు పోతాయి. మా ఇంట్లో ఇప్పుడు దేవుడికి గులాబీలే.

రాత్రిళ్ళు తలుపు దగ్గర ఏడుపు మొదలైతే చాలామంది బయటికి వదిలేద్దామనుకుంటారు. పడుకునే ముందు తాడుకి కట్టిన ఈకతో కాసేపు ఆడించి, వెంటనే తిండి పెట్టండి. వేటాడి, తిని, ఒళ్ళు శుభ్రం చేసుకుని నిద్రపోవడం పిల్లి సహజమైన వరస. మాకు ఏడుపు అలాగే తగ్గింది. ఇప్పుడు రాత్రి హాల్ కూడా దానికే వదులుతున్నాం. కిటికీ పక్కన ఎత్తుగా స్టాండ్ పెట్టాం, పైన కూర్చుని పార్కింగ్ చూస్తుంది.

అన్ని వీధి పిల్లులూ ఇలా లొంగవు, అది మాత్రం గుర్తుంచుకోండి. పుట్టిన మొదటి రెండు నెలల్లో మనిషి స్పర్శ ఎరగనిది పెద్దయ్యాక ఇంట్లో జీవితాంతం బెదురుతూనే ఉండొచ్చు. అలాంటిదాన్ని బలవంతంగా ఉంచడం ప్రేమ కాదని నా గట్టి నమ్మకం. గాయం మానాక దాని చోటుకే పంపి, తిండి, నీళ్ళు చూసుకోవాలి. దెబ్బ వల్ల ఇక బయట బతకలేకపోతే, ఎలుకల కోసం పశువుల కొట్టాల్లో పిల్లుల్ని పెట్టుకునే వాళ్ళకి ఇచ్చే పథకాలు ఇక్కడ చాలా షెల్టర్లలో ఉంటాయి. చుక్కమ్మ గుమ్మం దాకా వచ్చి మా కాళ్ళకి తల రుద్దడం మొదలుపెట్టాకే, ఇది ఇదివరకు ఎవరో పెంచి వదిలేసిన పిల్లి అయి ఉంటుందని వెట్ అన్నారు. అప్పుడే ఉంచుకుందామని నిర్ణయించుకున్నాం.

లీజింగ్ ఆఫీస్‌లో చెప్పి పెట్ డిపాజిట్ కట్టేశాం, నెలనెలా పెట్ రెంట్ కూడా ఉంటుంది. మీరు ఇంటికి తేకముందే మీ లీజ్ చదువుకోండి. సంక్రాంతికి మేం ఇండియా వెళ్తున్నాం. చుక్కమ్మని బోర్డింగ్‌లో పెట్టడం నాకు ఇష్టం లేదు, మళ్ళీ కొత్త చోటు అవుతుంది. కింద ఫ్లోర్‌లో ఉండే ఫ్రెండ్ ఇప్పటినుంచే రోజూ సాయంత్రం వచ్చి తనే తిండి పెడుతోంది. మేం బయల్దేరేలోపు ఆ అమ్మాయి గొంతు కూడా అలవాటైపోవాలి. ఎఫ్‌ఐవీ రెండో టెస్ట్ దానికి ముందే ఉంది, రిజల్ట్ వచ్చాక వీడియో పెడతాను. ఉంటానండీ.