గెలాక్సీ బాహువులు చుట్టుకుపోవెందుకు?

నమస్కారం అండీ. ఇప్పుడు స్క్రీన్ మీద కనిపిస్తున్నది ఎం51, వర్ల్‌పూల్ గెలాక్సీ. సప్తర్షి మండలం తోక చివర మరీచి నక్షత్రం ఉంటుంది కదా, ఆకాశంలో దీని చోటు ఆ దగ్గర్లోనే. ఉత్త కంటికి మాత్రం అందదు. 1845లో ఐర్లాండ్‌లోని బర్ కోటలో లార్డ్ రాస్ తాను కట్టించుకున్న 72 అంగుళాల టెలిస్కోపుతో చూసి, ఈ సుడిని చేత్తో బొమ్మ గీశాడు. ఒక గెలాక్సీకి ఇలాంటి సుడి రూపం ఉందని తెలియడం అదే మొదటిసారి.

ఇంత అందమైన ఆకారం లెక్క ప్రకారం నిలవకూడదు. గెలాక్సీ బిళ్ల మొత్తం ఒకే ముక్కలా తిరగదు మరి. 1970లో ఖగోళ శాస్త్రవేత్తలు వెరా రూబిన్, కెంట్ ఫోర్డ్ ఆండ్రోమెడా గెలాక్సీని కొలిస్తే, కేంద్రానికి చాలా దూరంగా ఉన్నవి కూడా వేగం పెద్దగా తగ్గకుండా తిరుగుతున్నాయని తేలింది. వేగం ఒకటే అయితే లోపలివాటి చుట్టు ముందే పూర్తవుతుంది. మన సూర్యుడు పాలపుంత కేంద్రానికి దాదాపు 26 వేల కాంతి సంవత్సరాల దూరంలో ఉన్నాడు. ఒక చుట్టు తిరగడానికి సుమారు 23 కోట్ల ఏళ్లు. పుట్టినప్పటి నుంచి ఇరవై చుట్లు అయ్యాయి. అందులో సగం దూరంలో ఉన్న నక్షత్రానికి ఈపాటికి నలభై. బాహువులు, అంటే ఈ సుడి చేతులు, నక్షత్రాలతో కట్టిన గట్టి వస్తువులే అయితే, ఎప్పుడో బిగుసుకుపోయి గుర్తుపట్టకుండా పోయేవి.

1964లో సి.సి. లిన్, ఫ్రాంక్ షూ దీనికి ఒక జవాబు చెప్పారు. నాకైతే ఖగోళశాస్త్రంలో ఇంత ముచ్చటైన ఆలోచనలు కొన్నే కనిపిస్తాయి. బాహువు అనేది వస్తువు కాదు, బిళ్లలో కదిలే సాంద్రత అల, అంటే నక్షత్రాలు, వాయువు కాసేపు దట్టంగా గుమిగూడే చోటు. హైవే మీద రోడ్డు పని జరిగేచోట బళ్లు గుమిగూడతాయి. ముందున్నవి వెళ్లిపోతాయి, వెనకవి వచ్చి చేరతాయి, గుంపు మాత్రం అక్కడే ఉంటుంది. నక్షత్రాలు కూడా బాహువులోకి వచ్చి, దాటి వెళ్లిపోతుంటాయి.

సాక్ష్యం ఈ ఫోటోలోనే ఉంది. కొంచెం జూమ్ చేస్తాను. బాహువు లోపలి అంచున నల్లటి ధూళి గీత చూడండి. అలలోకి వచ్చిన వాయువు నలిగి దట్టమయ్యేది అక్కడే. దాని పక్కనే గులాబీ రంగు మచ్చలు, కొత్త నక్షత్రాల అతినీలలోహిత కాంతికి మెరిసే హైడ్రోజన్. ఆ తర్వాత నీలం నక్షత్రాలు. ధూళి, గులాబీ, నీలం, దాదాపు అదే వరస. నీలం రంగు భారీ నక్షత్రాల ఆయుష్షు కొన్ని పదుల లక్షల ఏళ్లే కాబట్టి, పుట్టిన బాహువును దాటి ఎంతో దూరం పోకముందే అయిపోతాయి. బాహువుల మధ్య చీకటిగా ఉన్నచోట కూడా పాత నక్షత్రాలు బోలెడు ఉన్నాయి. వెలుగు తక్కువ, అంతే.

అయితే అన్ని గెలాక్సీలకూ ఇదే జవాబు సరిపోదు. ఎం51 పక్కన ఎన్‌జీసీ 5195 అనే చిన్న గెలాక్సీ ఉంది, దాని లాగుడే ఈ బాహువులకు ఇంత స్ఫుటమైన రూపం తెచ్చిందని 1972లో టూమ్రే సోదరులు కంప్యూటర్ లెక్కలతో చూపించారు. సప్తర్షి మండలం వైపే ఉన్న ఎన్‌జీసీ 2841 చూడండి, పెద్ద బాహువులే లేవు. అన్నీ తునకలు తునకలుగా ఉన్నాయి. ఇలాంటి చోట చిన్న చిన్న తునకలు ఏర్పడతాయి, బిళ్ల తిరుగుడుకి సాగుతాయి, చెదిరిపోతాయి, మళ్లీ ఇంకోచోట కొత్తవి వస్తాయి.