నెల్లూరు ఇంట్లో నాలుగడుగుల అక్వేరియం: మోటారు ఎంతది కొనాలి, ఎక్కడ బిగించాలి?

హాయ్ అండీ, అందరికీ నమస్కారం. ఈ వీడియో నెల్లూరు ఇంట్లోంచి. ముందు గదిలో ఇదిగో ఈ నాలుగడుగుల ట్యాంకు, దీంట్లో నీళ్లు తిప్పే మోటార్ల గురించి ఇవాళ మాట్లాడుకుందాం. అమెరికా నుంచి సూట్‌కేసులో పంపు పెట్టుకొద్దామనుకునేవాళ్లు మాత్రం ఒక్క నిమిషం ఆగండి.

అక్కడి కరెంటు 120 వోల్టులు, 60 హెర్ట్జ్. ఇక్కడ 230 వోల్టులు, 50 హెర్ట్జ్. నేరుగా ప్లగ్గులో పెడితే కాయిల్ కాలిపోతుంది. ట్రాన్స్‌ఫార్మర్ పెట్టినా తగ్గేది వోల్టేజే, హెర్ట్జ్ మారదు కాబట్టి మామూలు ఏసీ పంపు ఆరో వంతు నెమ్మదిగా తిరుగుతుంది, వేడీ ఎక్కుతుంది. తెచ్చేదుంటే 24 వోల్టుల డీసీ పంపు తెచ్చుకోండి. అడాప్టరు మీద 100–240 వోల్టులు, 50/60 హెర్ట్జ్ అని ఉంటే ప్లగ్గు పిన్ను మారిస్తే చాలు. దుబాయ్, ఇంగ్లండ్ పంపులకైతే ఈ తంటా లేదు.

ఇక సైజు. ఈ ట్యాంకు 4 అడుగుల పొడవు, అడుగున్నర వెడల్పు, అడుగున్నర ఎత్తు. అంటే 9 ఘనపుటడుగులు, దాదాపు 255 లీటర్లు. కింద గులకరాళ్లు, పైన వదిలే ఖాళీ పోతే నికరంగా 210 లీటర్లు అనుకోండి. మంచినీటి చేపలకు ఫిల్టర్ గుండా గంటకు నాలుగైదు సార్లు నీళ్లు తిరగాలి, అంటే నిజంగా వెయ్యి లీటర్లు రావాలి. డబ్బా మీద అంకె నీటిని పైకి ఎత్తకుండా కొలిచిన అంకె. 2 మీటర్ల ఎత్తు దాకా ఎక్కించగలదని రాసిన పంపుతో 1.2 మీటర్లు ఎక్కించారనుకోండి, వచ్చే నీళ్లు సగం దగ్గరకు పడిపోవచ్చు. సన్న పైపు, మలుపుకో ఎల్బో, మురికిపట్టిన స్పాంజి కూడా తలా కొంత తినేస్తాయి. అందుకే వెయ్యి కావాలంటే కనీసం పదిహేను వందల నుంచి రెండు వేల లీటర్లది చూసుకోండి.

అలాగని ఒకే పెద్ద మోటారు పెట్టి సన్నటి ధారను ట్యాంకులోకి కొట్టించొద్దు. ధార ఎదురుగా ఉన్న చేప నిలబడలేదు, పక్క మూలలో మాత్రం మడ్డి అలాగే ఉంటుంది. ఫిల్టరుకు ఒక పంపు, నీటిని కదిలించడానికి వెడల్పు మూతి ఉన్న చిన్న వేవ్‌మేకర్ విడిగా పెట్టండి. ఈ సైజుకు 2000 లీటర్లది చాలు.

ఎక్కడ పెట్టాలంటే, మన అల్లూరు, విడవలూరు వైపు రొయ్యల గుంటల్లో ఏరేటర్లు ఎలా పెడతారో గుర్తు తెచ్చుకోండి. నీళ్లన్నీ ఒకే వైపు చుట్టూ తిరిగి బురద ఒకచోటికి చేరేలా పెడతారు. ఇక్కడా అంతే. వేవ్‌మేకర్‌ను ఎడమ చివర చిన్న గాజుకు, నీటిమట్టానికి ఐదారు సెంటీమీటర్లు కిందగా బిగించి, మూతి రవ్వంత పైకి తిప్పండి. నీళ్లు పైన కుడివైపుకు వెళ్లి, అక్కడ గాజుకు తగిలి కిందికి దిగి, అడుగునుంచి వెనక్కి వస్తాయి. కాబట్టి ఫిల్టర్ నీళ్లు లాక్కునే గొట్టం ఎడమ చివరే, ట్యాంకు అడుగుభాగానికి నాలుగంగుళాల పైన ఉండాలి. దాని మూతికి స్పాంజి తొడగండి, చిన్న చేపలు ఇరుక్కోవు. వేవ్‌మేకర్‌ను మరీ పైకి బిగిస్తే గాలి మింగి గరగరమంటుంది.

సరిపోయిందా లేదా అన్నది మేత చెబుతుంది. నలిపిన మేత చిటికెడు వేసి రెండు నిమిషాలు చూడండి. ఎక్కడ ఆగిపోయిందో అదే మడ్డి చేరే చోటు. పెద్ద రాయో, దుంగో అడ్డముంటే ముందు దాన్ని జరపండి, రెండో మోటారు తర్వాత సంగతి. చేపలన్నీ ఒక మూలకు చేరి రెక్కలు ముడుచుకుంటే ప్రవాహం ఎక్కువైనట్టు. తెల్లవారుజామున పైకొచ్చి నోళ్లు తెరుస్తుంటే గాలి చాలనట్టు.

నెల్లూరు ఎండల్లో ఈ గాలి సంగతే అన్నిటికన్నా ముఖ్యం. 25 డిగ్రీల నీళ్లు లీటరుకు దాదాపు 8.2 మిల్లీగ్రాముల ఆక్సిజన్ పట్టుకుంటాయి, 35 డిగ్రీలకు 7 లోపే. పైమట్టం అలలాడితేనే గాలి నీళ్లలో కలుస్తుంది. పైగా నీళ్లలో మునిగిన మోటారు తినే కరెంటంతా చివరికి వేడిగా నీళ్లలోకే పోతుంది. అందుకే 40 వాట్లదీ 15 వాట్లదీ ఒకే పని చేస్తుంటే 15దే తీసుకోండి. బిల్లులోనూ నెలకు 18 యూనిట్లు తగ్గుతాయి.

వైరు ప్లగ్గు కంటే కిందికి వేలాడి మళ్లీ పైకి రావాలి, అప్పుడే కారిన చుక్క ప్లగ్గులోకి పోదు. 30 మిల్లీ ఆంపియర్ల ట్రిప్ స్విచ్ (కరెంటు లీకైతే వెంటనే ఆపేసే ఆర్‌సీసీబీ) తప్పనిసరి. నీళ్లలో చెయ్యి పెట్టేముందు ప్లగ్గు పీకేయమని, ఇంట్లో ట్యాంకు చూసుకునే అమ్మానాయనలకు గట్టిగా చెప్పండి.

బోరు నీళ్లయితే ఇంపెల్లర్, అంటే పంపు లోపల నీళ్లు నెట్టే రెక్కల చక్రం, చుట్టూ తెల్లటి పొర కడుతుంది, పంపు మోత పెరిగి ధార తగ్గుతుంది. నెలకోసారి ఇంపెల్లర్ ఊడదీసి, లీటరు నీళ్లలో చెంచా నిమ్మ ఉప్పు (సిట్రిక్ యాసిడ్) కలిపి అరగంట నానబెట్టి, పాత టూత్‌బ్రష్‌తో రుద్ది, బాగా కడిగి బిగించండి. లోపలి పింగాణీ కడ్డీ సన్నది, వంచితే విరుగుతుంది.

కరెంటు పోయినప్పుడు పంపు నడవాలంటే ఇన్వర్టర్ సైన్ వేవ్‌దే కావాలి. స్క్వేర్ వేవ్‌ది అయితే ఏసీ పంపు గుయ్యిమని వేడెక్కుతుంది. ఇన్వర్టర్ లేనివాళ్లు బ్యాటరీ ఎయిర్ పంపు ఒకటి పక్కన ఉంచుకోండి. కరెంటు చాలా గంటలు పోయి వస్తే కానిస్టర్ ఫిల్టర్‌ను (ట్యాంకు బయట పెట్టే మూత డబ్బా ఫిల్టర్) వెంటనే ఆన్ చెయ్యొద్దు. లోపల నిలిచిన నీళ్లలో ఆక్సిజన్ అయిపోయి, మంచి బ్యాక్టీరియా చచ్చి కుళ్లువాసన వస్తుంటుంది. ఆ నీళ్లు బయట పారబోసి, స్పాంజిని ట్యాంకు నీళ్లతోనే కడిగి, అప్పుడు స్విచ్ వెయ్యండి.