42 పుషప్పుల్లో లెక్కకొచ్చినవి 18

తమ్ముడు: (రొప్పుతూ) నమస్కారం... ఒక్క నిమిషం ఆగండి, ఊపిరి పీల్చుకోనివ్వండి. ఎపిసోడ్ ఇలా మొదలవుతుందని నేనూ అనుకోలేదు.

అక్క: ఎందుకు రొప్పుతున్నావో చెప్పు వాళ్ళకి.

తమ్ముడు: పోయిన శుక్రవారం మా ఆఫీసులో పుషప్స్ పందెం పెట్టుకున్నాం, నేను 42 తీశాను. వీడియో ఫ్యామిలీ గ్రూపులో పెడితే బాబాయి శభాష్ అన్నాడు, పెద్దమ్మ చప్పట్ల బొమ్మలు వరసగా పంపింది. మా అక్క ఫిజియోథెరపిస్టు కదా, ఈవిడ మాత్రం "ఆదివారం ఇంటికి రా, నా ముందు తియ్యి" అని ఊరుకుంది. వచ్చాను, ఇప్పుడే ఈ చాప మీద తీశాను. నీ లెక్కలో ఎన్ని?

అక్క: 18.

తమ్ముడు: మీరే వినండి! 42 ఎక్కడ, 18 ఎక్కడ! మూడు రోజుల్లో సగం కండ కరిగిపోయిందా నాకు?

అక్క: కండ ఎక్కడికీ పోలేదురా. ఆ వీడియో నాలుగుసార్లు చూశాను. పదో పుషప్ దాకా బాగానే దిగావు, అక్కడ్నుంచి ఛాతీ సగం దూరమే వస్తోంది. ఇరవై దాటాక నడుం ఉయ్యాలలా కిందికి జారింది. ముప్ఫై దగ్గర చేతులు చాచి పైన ఆగి, ఎవరితోనో మాట్లాడి, నవ్వి, మళ్ళీ మొదలుపెట్టావు. అది విశ్రాంతి, అక్కడితో టెస్ట్ అయిపోయినట్టే. ఇవాళ నేను పెట్టిన రూల్స్ మూడే: గడ్డం చాపకి తగలాలి, పైకొచ్చినప్పుడు మోచేతులు పూర్తిగా చాపాలి, మధ్యలో ఆగకూడదు. వరసగా రెండు తప్పితే ఆపేస్తాను. ఇవేవీ నేను కనిపెట్టినవి కావు, ఫిట్‌నెస్ టెస్టులు చేసేవాళ్ళు చాలామంది దాదాపు ఇలాగే లెక్కపెడతారు.

తమ్ముడు: పైగా తాళం కొట్టే ఆ మెట్రోనోమ్ ఒకటి. టక్ టక్ అని ప్రాణం తీసింది.

అక్క: నిమిషానికి 80 టక్కులు పెట్టాను, అంటే నిమిషానికి 40 పుషప్స్ వేగం. అది లేకపోతే ఒకడు రైలింజన్‌లా కొట్టేస్తాడు, ఇంకొకడు నెమ్మదిగా దిగి నెమ్మదిగా లేస్తాడు, ఇద్దరూ 30 అంటారు. ఆ రెండు ముప్ఫైలూ ఒకటెలా అవుతాయి? ఒక్కో పుషప్‌లో కండరం ఎంతసేపు బిగిసి ఉందన్నదే మారిపోయింది కదా.

తమ్ముడు: సరే, మొదటికొద్దాం. ఇందులో మనం కొలుస్తున్నది బలమేనా?

అక్క: కాదు. అందరూ కలిపేసేది అక్కడే. పుస్తకాల్లో కండర దారుఢ్యం అని రాస్తారు గానీ మన ఇళ్ళలో దానికి మంచి మాటే ఉంది, ఓపిక. "చేతుల్లో ఓపిక లేదే" అంటుంది చూడు అమ్మమ్మ, సరిగ్గా అదే. నిండు గ్యాస్ బండ దగ్గర దగ్గర 30 కిలోలు ఉంటుంది, దాన్ని ఒక్కసారి ఎత్తి గట్టు మీద పెట్టావనుకో, అది బలం. అదే అమ్మమ్మ రుబ్బురోలు ముందు కూర్చుని పెళ్ళింటి గారెలకి పప్పు రుబ్బేది గుర్తుందా? పొత్రం తిప్పే కుడిచెయ్యి ఆగదు, ఎడమచేత్తో పిండి లోపలికి తోస్తూనే ఉంటుంది, ముప్పావుగంట అలా సాగేది. బండ ఎత్తమంటే అమ్మమ్మ వల్ల కాదు. రోలు ముందు కూర్చోబెడితే నువ్వు పది నిమిషాల్లో లేచిపోతావు.

తమ్ముడు: ఐదు నిమిషాలు కూడా కష్టమే.

అక్క: ఇంకో సంగతి, ఓపిక అనేది ఒళ్ళంతటికీ కలిపి ఒక అంకె కాదు. చేతులది వేరు, కాళ్ళది వేరు, వీపుది వేరు. ఒక్కసారి మాత్రమే ఎత్తగలిగే బరువులో 60 శాతం పెట్టి ఎన్నిసార్లు తీస్తావని చూస్తే, కాళ్ళతో నెట్టే లెగ్ ప్రెస్‌లో చేతుల కంటే బాగా ఎక్కువ వస్తాయి. అందుకే "నా స్టామినా ఎంత?" అని ఎవరైనా అడిగితే నేను తిరిగి "ఏ కండరానిది?" అని అడుగుతాను.

తమ్ముడు: పందెంలో గెలిచినవాడు, వాడు 51 తీశాడులే, 60 కిలోలు కూడా ఉండడు. నేను 82. ఇందులో న్యాయం ఉందా?

అక్క: నీ ఫిర్యాదుల్లో ఇదొక్కటీ నిజం. పుషప్‌లో పైన చేతులు చాచి ఉన్నప్పుడు ఒంటి బరువులో సుమారు 69 శాతం, కిందికి దిగినప్పుడు 75 శాతం చేతుల మీద పడుతుంది. నీకైతే పైనే 56 కిలోల పైమాట, కిందికి దిగితే 61. 60 కిలోలవాడికి 41, 45. మోకాళ్ళు ఆనించి చేస్తే 54, 62 శాతానికి తగ్గుతుంది, అందుకే చాలా టెస్టుల్లో ఆడవాళ్ళకి మోకాళ్ళ పద్ధతి పెడతారు.

తమ్ముడు: మరి అందరికీ ఒకటే బరువు ఇచ్చేస్తే గొడవుండదు కదా?

అక్క: ఇచ్చారు కూడా. వైఎంసీఏ అనే సంస్థ పెట్టే బెంచ్ ప్రెస్ టెస్ట్ అదే, బల్ల మీద వెల్లకిలా పడుకుని బరువు పైకి నెట్టడం. మగవాళ్ళకి 80 పౌన్లు, అంటే 36 కిలోల చిల్లర, ఆడవాళ్ళకి 35 పౌన్లు, 16 కిలోల దాకా. మెట్రోనోమ్ 60 మీద పెట్టి, నిమిషానికి 30 చొప్పున, లయ తప్పేదాకా ఎత్తడమే. కానీ అక్కడ ఇంకో పేచీ వస్తుంది. 100 కిలోలు ఎత్తగలవాడికి 36 కిలోలు బొమ్మ లాంటిది, 45 మాత్రమే ఎత్తగలవాడికి అదే 36 కొండ. నువ్వు ఓపిక కొలుస్తున్నానని బలాన్నే ఇంకో దారిలో కొలిచినట్టవుతుంది.

తమ్ముడు: పోనీ ఎవడి బలంలో సగం వాడికి పెడితే?

అక్క: అప్పుడు ఫలితం తలకిందులైనా ఆశ్చర్యం లేదు. మొత్తం బలంలో సగం పెట్టి దేన్నైనా కదలకుండా బిగించి పట్టుకుంటే, అటూ ఇటూగా నిమిషంలో చెయ్యి వదిలేస్తుంది. బిగిసిన కండరం తన లోపలి రక్తనాళాల్ని తనే నొక్కేసుకుంటుంది, రక్తం సరిగ్గా ఆడదు, అదొక కారణం. బలవంతుడి కండరం ఇంకా గట్టిగా నొక్కుతుంది కాబట్టి వాడికి లాభమేమీ లేదు. ఎవరి బలానికి తగ్గ శాతం వాళ్ళకి ఇచ్చి ఇలా పట్టుకోమంటే, చాలా కండరాల్లో మగవాళ్ళ కంటే ఆడవాళ్ళే ఎక్కువసేపు నిలుస్తారు.

తమ్ముడు: ఇందాక మనిద్దరం డైనింగ్ టేబుల్ మీద చేసిన టెస్ట్ సంగతి చెప్పడానికే ఇదంతా అని అర్థమైంది. చెప్పు, చెప్పెయ్యి.

అక్క: (నవ్వు) సోరెన్సెన్ టెస్ట్ అని ఉంది. డెన్మార్క్ డాక్టరు బీరింగ్-సోరెన్సెన్ 1984లో దీని ఫలితాలు రాశారు. నడుం దాకా బల్ల మీద బోర్లా పడుకుని, నడుం పైభాగం గాల్లో, బల్లకి సమానంగా నిలబెట్టాలి, కాళ్ళు బెల్టులతో కట్టేస్తారు. గరిష్ఠం 240 సెకన్లు. వీపు ఓపిక బాగున్న మగవాళ్ళకి ఆ తర్వాతి ఏడాదిలో కొత్తగా నడుంనొప్పి రావడం తక్కువగా కనిపించింది. మన డైనింగ్ టేబుల్‌కి బెల్టులు లేవు కాబట్టి...

తమ్ముడు: అమ్మ నా కాళ్ళ మీద కూర్చుంది. కూర్చుని చిక్కుడుకాయలు ఈనెలు తీసింది! 74 సెకన్లకి నేను పడిపోయాను, అక్క 131. నేను కిందికి ఒరుగుతుంటే అమ్మ "ఒరేయ్ గిన్నె, గిన్నె" అంటోంది, కొడుకు గురించి కాదు.

అక్క: నువ్వు పడిపోలేదు, వదిలేశావు. 60 దగ్గర్నుంచే "చాలా, చాలా?" అని అడుగుతున్నావు. ఇవాళ నేను అసలు చెప్పాలనుకున్నది ఇదే. ఈ టెస్టులన్నీ "ఇక నా వల్ల కాదు" అనేదాకా సాగుతాయి. మరి ఆ మాట అన్నది కండరమా, బుర్రా? 1961లో ఇకాయ్, స్టైన్‌హాస్ అని ఇద్దరు, శక్తి కొద్దీ చెయ్యి లాగమని చెప్పి, లాగే ముందు వెనకాల పిస్తోలు పేల్చారు. ఆ ఉలికిపాటుకి బలం పెరిగింది. లాగేవాళ్ళే గట్టిగా అరిచినా పెరిగింది. అంటే అంతకుముందు "ఇంతే" అన్నది నిజంగా ఇంతే కాదు. అందుకే పద్ధతిగా కొలిచేచోట పక్కన నిలబడి ఉత్సాహపరిచే మాటలు కూడా ఒకేలా ఉండేట్టు చూస్తారు. ఒకడికి ఈలలు, ఇంకొకడికి మౌనం అయితే నువ్వు కొలిచింది ఈలల్ని.

తమ్ముడు: ఆఫీసులో నాకు ఈలలే, ఇక్కడ చిక్కుడుకాయలు!

అక్క: ఇంకా పాత కథ ఉంది. ఇటలీలో, ట్యూరిన్‌లో ఆంజెలో మోసో అని శరీరశాస్త్ర ప్రొఫెసరు. ఎర్గోగ్రాఫ్ అని ఒక పరికరం తయారు చేశాడు. చెయ్యంతా బిగించేసి, నడిమివేలు ఒక్కదాన్నే వదిలి, దానికి దారంతో బరువు వేలాడదీసి, తాళానికి తగ్గట్టు లాగమనేవాడు. ప్రతి లాగుడూ కాగితం మీద ఒక గీత. మొదట్లో నిలువుగా పొడుగ్గా ఉన్న గీతలు పోను పోను పొట్టివై ఆగిపోతాయి. భుజం సాయం రాదు, నడుం ఊపే వీల్లేదు, నీలాంటివాళ్ళకి మోసం చేసే దారే లేదు.

తమ్ముడు: థాంక్స్.

అక్క: విను. ఆయన సహోద్యోగి ఒకాయన పరీక్షల రోజు, పిల్లల్ని వరసగా ప్రశ్నలడిగి వచ్చాక వేలు లాగితే గీతలు తొందరగా పడిపోయాయి. వేలు ఏ పనీ చెయ్యలేదు, అలిసింది బుర్ర. 1891లో అలసట మీద రాసిన పుస్తకంలో పెట్టాడాయన ఇదంతా. ఆఫీసు పని టెన్షన్‌లో రెండు రాత్రులు నిద్రలేకుండా వచ్చి పుషప్స్ తీసి "అయ్యో తగ్గిపోయాను" అని దిగులుపడేవాళ్ళు ఇది గుర్తుపెట్టుకోవాలి.

తమ్ముడు: ఇంకొకటి, వాట్సాప్‌లో తిరుగుతోంది, "40 పుషప్స్ తీయగలిగితే గుండెపోటు రాదు" అని. పందెం మొదలైందే దాంతో.

అక్క: 2019లో వచ్చిన అధ్యయనం అది. అమెరికాలో ఇండియానా రాష్ట్రంలో 1104 మంది ఫైర్‌మెన్, అందరూ మగవాళ్ళు. పదేళ్ళు చూశారు. 10 కూడా తీయలేనివాళ్ళతో పోలిస్తే 40 దాటినవాళ్ళకి గుండె జబ్బుల ముప్పు 96 శాతం తక్కువ. అంకె చూస్తే కళ్ళు తిరుగుతాయి. కానీ మొత్తం పదేళ్ళలో జబ్బుపడిన సందర్భాలు 37. పైగా ఎక్కువ తీసినవాళ్ళు వయసులో చిన్న, ఒంట్లో బరువు తక్కువ. పుషప్స్ గుండెని కాపాడాయా, గుండె బాగుంది కాబట్టి పుషప్స్ వచ్చాయా, ఆ లెక్క ఇందులో తేలదు. ఇంకా ముఖ్యంగా, వాళ్ళు లెక్కపెట్టింది మెట్రోనోమ్ 80 మీద, మూడుసార్లు తాళం తప్పితే ఆపేసి. మీ ఆఫీసు పద్ధతిలో కాదు.

తమ్ముడు: అంటే నా 42 ఆ 40తో పోల్చడానికే పనికిరాదు.

అక్క: నీ 18 పనికొస్తుంది. రాసిపెట్టుకో: ఆదివారం, పొద్దున పదకొండు, టిఫిన్ తిన్న రెండు గంటలకి, ముందురోజు వ్యాయామం లేదు. ఆరు వారాల తర్వాత ఇవే షరతులతో, ఇదే చాప మీద చేద్దాం. రెండోసారి పద్ధతి అలవాటై రెండు మూడు ఊరికే పెరుగుతాయి, దాన్ని చూసి మురిసిపోకు. వినేవాళ్ళలో బీపీ, గుండె సమస్య ఉన్నవాళ్ళు మాత్రం డాక్టర్ని అడక్కుండా ఇలా చివరిదాకా లాగొద్దు, ఊపిరి బిగబట్టి అసలే చెయ్యొద్దు.

తమ్ముడు: అక్కా, ఒక్క మాట. పంతొమ్మిదోది... గడ్డం తగిలిందేమో, ఫోన్‌లో రికార్డయింది, ఒకసారి చూద్దామా?

అక్క: తగిలింది ముక్కు.