ఊగింది పన్ను కాదు, ఎముక

శ్రోతలందరికీ నమస్కారం. నేను పళ్ళ డాక్టర్‌ని, నల్లగొండలో ప్రాక్టీసు చేస్తున్నాను. దవడ ఎముకకి పట్టే ఫంగస్ గురించి మాట్లాడమన్నారు. ఉన్న కాస్త టైములో పాఠం చెప్పడం నావల్ల కాదు కాబట్టి, ఒక మనిషి గురించి చెప్తాను.

2021 జూన్. సెకండ్ వేవ్ తగ్గుముఖం పట్టిన రోజులు. యాభై దాటిన ఒక తాపీమేస్త్రి మా క్లినిక్‌కి వచ్చాడు. కుర్చీలో కూర్చోకముందే, "పై పన్ను ఊగుతుంది మేడమ్, పీకి పారెయ్యుండ్రి" అన్నాడు. కరోనా తగ్గి మూడు వారాలైందట. షుగర్ పదేళ్ళ నుంచీ ఉంది. ఆస్పత్రిలో ఆక్సిజన్ పడిపోతే స్టెరాయిడ్ ఇచ్చారు. అది అప్పుడు ఇవ్వాల్సిన మందే, ప్రాణం నిలబెట్టిన మందే, కాకపోతే అది షుగర్‌ని పైకి ఎగదోస్తుంది. ఇంటికొచ్చాక షుగర్ ఎంతుందో ఎవరూ చూడలేదు. మేము చూస్తే 400 దాటింది.

అప్పటికే వేరే చోట ఒక పన్ను పీకించుకుని పది రోజులైంది, ఆ గుంత మానలేదు. నోరు తెరవమని లైటు వేశాను. పది రోజులైతే అక్కడ ఎర్రటి కొత్త కండ వచ్చి గుంత పూడుతూ ఉండాలి. కండ లేదు. పొడిగా, బూడిద రంగులో ఎముక బయటికి కనిపిస్తోంది. చిన్న పుల్లలాంటి పరికరంతో మెల్లగా గీకాను. రక్తం రాలేదు. ఇంకొంచెం గట్టిగా గీకాను. అప్పుడూ రక్తం రాలేదు, ఆయన ముఖం కూడా చిట్లించలేదు. "నొప్పి లేదా?" అంటే, "లేదు మేడమ్, ఈ చెంప నాది కానట్టే ఉంది, మొద్దుబారింది" అన్నాడు.

తర్వాత ఆయన ఊగుతోందన్న పన్ను పట్టుకుని కదిపాను. కదిలింది ఆ ఒక్క పన్నే కాదు. పక్కనున్న నాలుగు పళ్ళూ, వాటి చిగురుతో సహా, అన్నీ కలిసి ఒకే ముక్కగా కదిలాయి. ఇన్నేళ్ళైనా నా వేళ్ళకి ఆ కదలిక ఇంకా గుర్తుంది. ఊగింది పన్ను కాదు, ఎముక.

అసలేం జరుగుతుందంటే, ఈ ఫంగస్ మ్యూకర్ అనే జాతి బూజు. ఈ బూజులు మట్టిలో, కుళ్ళిన ఆకుల్లో, బూజుపట్టిన రొట్టెమీద ఎక్కడైనా ఉంటాయి. మనమందరం రోజూ పీలుస్తూనే ఉంటాం, ఏమీ కాదు, ఒంట్లో తెల్లకణాలు వాటిని చంపేస్తాయి. షుగర్ అదుపు తప్పితే ఆ కణాలు మందగిస్తాయి. షుగర్ మరీ ముదిరి రక్తంలో ఆమ్లం పెరిగితే, గట్టిగా పట్టి ఉండాల్సిన ఇనుము విడిపోతుంది, ఆ ఇనుమే ఈ బూజుకి తిండి. ముక్కులోంచి సైనస్‌లోకి, అంటే ముక్కు పక్కన ఎముకల్లో ఉండే గాలి గదుల్లోకి వెళ్తుంది, అక్కడ నేరుగా రక్తనాళాల్లోకి చొరబడి లోపల రక్తం గడ్డకట్టిస్తుంది. నీళ్ళు ఆగిపోయిన మడి ఎండినట్టు ఎముక చచ్చిపోతుంది. పై దవడకి మామూలుగా రక్తం బాగా అందుతుంది, అందుకే చీము పట్టే జబ్బులు కింది దవడకే ఎక్కువ. ఈ ఫంగస్ మాత్రం ఆ రక్తం దారులనే మూసేస్తుంది కాబట్టి పై దవడ మీద పడుతుంది. బ్లాక్ ఫంగస్ అని పేరైతే పెట్టాం గానీ, నల్లగా ఉండేది ఫంగస్ కాదు, రక్తం అందక చచ్చిపోయిన కండ. ఒకరి నుంచి ఒకరికి అంటదు కూడా. అప్పట్లో జనం ఆ భయంతో ఇంట్లోవాళ్ళనే దూరం పెట్టారు, నాకది ఇప్పటికీ బాధే.

అంతకు ముందు నెల మేలోనే తెలంగాణ ప్రభుత్వం ప్రతి కేసూ రిపోర్టు చేయాలని చెప్పి, కోఠీ ఈఎన్‌టీ ఆస్పత్రిని దీనికి నోడల్ కేంద్రం, అంటే ముఖ్య కేంద్రం చేసింది. మేస్త్రిని ఆ సాయంత్రమే హైదరాబాద్ పంపాం. చచ్చిన ఎముక ఎంత మందిచ్చినా బతకదు, ఎందుకంటే రక్తం వెళ్ళని చోటికి మందూ వెళ్ళదు. కోసి తీసేయాల్సిందే. కుడివైపు పై దవడ, అంగిలిలో సగం తీసేశారు. ఆంఫోటెరిసిన్ అనే ఫంగస్ మందు ఇంజెక్షన్లు వారాల తరబడి ఎక్కించారు. చలీ వణుకూ వస్తాయి, కిడ్నీల మీద కన్నేసి ఉంచాలి, తేలికైన మందేం కాదు. వెనెజువెలాలో ఓరినోకో నది దగ్గరి మట్టిలో దొరికిన సూక్ష్మజీవి నుంచి 1950ల్లో తీశారు దాన్ని. మట్టి బూజుకి మందు మట్టిలోనే దొరికిందన్నమాట.

బతికాడు. కానీ అంగిలిలో రంధ్రం. నీళ్ళు తాగితే ముక్కులోంచి వచ్చేవి. మాట మొత్తం ముక్కులోకి పోయేది. ప, బ లాంటి అక్షరాలకి నోట్లో గాలి బిగబట్టాలి కదా, ఆ గాలి నిలవదు. మనవరాలిని "పాప" అని పిలిస్తే "మామ" అని వచ్చేది. మూడేళ్ళ పిల్ల, తననే పిలుస్తున్నాడని తెలీక పలికేది కాదట. ఆ సంగతి చెప్పి ఏడ్చాడు, దవడ పోయినందుకు ఏడవని మనిషి.

గాయం మానాక, రంధ్రాన్ని మూసేలా పళ్ళ సెట్టు చేయించాం, అంగిలి ప్లేటు అంటాం. బిగించి, ముందు నీళ్ళు తాగమన్నాం. ముక్కులోంచి ఒక్క చుక్క రాలేదు. ఆయన గ్లాసు పక్కన పెట్టి, ఎవరూ అడక్కుండానే, "పాప" అన్నాడు. మళ్ళీ "పాప" అన్నాడు. బయట బెంచీ మీద కూర్చున్న పిల్ల లేచి లోపలికొచ్చింది.

ఇప్పుడు మీకు నేను చెప్పాలనుకున్నది. ఇది కరోనాతో వచ్చిందీ కాదు, కరోనాతో పోయిందీ కాదు. షుగర్ అదుపులో లేనివాళ్ళకి, కిడ్నీ మార్పిడి అయినవాళ్ళకి, రక్త క్యాన్సర్ ఉన్నవాళ్ళకి ముందూ వచ్చేది, ఇప్పుడూ వస్తోంది. మీకో, మీ ఇంట్లో పెద్దవాళ్ళకో షుగర్ ఉండి, పైన ఒకే పక్క రెండు మూడు పళ్ళు ఉన్నట్టుండి కదిలినా, చెంప మొద్దుబారినా, అంగిట్లో నల్లటి మచ్చ కనిపించినా, ఆ రోజే వెళ్ళండి. నొప్పి లేదు కదా అని ఆగకండి. పన్ను పీకిన గుంత రెండు వారాలైనా మానకపోతే మెడికల్ షాపులో యాంటీబయాటిక్ కొనుక్కుని మింగకండి, అది ఫంగస్‌ని ఏమీ చేయదు. డాక్టర్ దగ్గర కూర్చోగానే "నాకు షుగర్ ఉందండీ, ఈ పుండు మానట్లేదు, ముక్క తీసి టెస్టుకి పంపుతారా, స్కాన్ అవసరమా" అని అడగండి. అడిగితే డాక్టర్లు ఏమనుకుంటారోనని మొహమాటపడకండి. మేం ఏమీ అనుకోం.

ఉంటాను, నమస్కారం.