పాత బ్రిడ్జ్ కెమెరా మూలపడితే కొత్తదాన్ని ఏ అంకె చూసి ఎంచుకోవాలి?

[దృశ్యం: బల్ల మీద పాత కెమెరా. లెన్స్ గొట్టం సగం బయటికి వచ్చి ఆగిపోయి ఉంది.]

నమస్కారం. మీకు కనిపిస్తున్న ఈ కెమెరా నా దగ్గర పన్నెండేళ్లు పనిచేసింది. పోయిన చలికాలం అటపాకలో కొల్లేటి గట్టు మీద నిలబడి, గూడబాతుల వైపు గురిపెట్టి జూమ్ మీట నొక్కగానే లోపల పళ్లచక్రం జారినట్టు గరగరమని శబ్దం వచ్చింది. గొట్టం ఇదిగో, ఇలా సగంలో ఆగిపోయింది. బాగుచేయిద్దామని తీసుకెళ్తే విడిభాగాలు రావడం లేదన్నారు. పెద్ద జూమ్ లెన్స్ కెమెరాకే అతుక్కుని ఉండే ఈ బ్రిడ్జ్ రకంలో లెన్స్‌ను ఊడదీసి మార్చుకునే వీలుండదు కనుక, లెన్స్ పోయిందంటే కెమెరా పోయినట్టే.

దీని స్థానంలో మరొకటి కొనడానికి నేను రెండు నెలలు లెక్కలు వేసుకున్నాను. దూరంగా ఉన్న పక్షిని సుమారు కిలో బరువు సామానుతో ఫొటో తీయాలనుకునేవారికి ఆ లెక్కలు పనికొస్తాయని ఈ వీడియో చేస్తున్నాను. అద్దం లేని (మిర్రర్‌లెస్) కెమెరాకు పెద్ద టెలిఫొటో లెన్స్ తగిలించుకోవచ్చు కదా అని కొందరు అడుగుతారు. తప్పకుండా తగిలించుకోవచ్చు, ఫొటో కూడా మెరుగ్గానే వస్తుంది. కానీ సిగ్మా 150-600 కాంటెంపరరీ లెన్స్ ఒక్కటే 1930 గ్రాములు ఉంటుంది, కెమెరా బరువు దానికి అదనం. ఆ బరువు మోయడానికీ ఆ ఖర్చు భరించడానికీ సిద్ధపడినవారికి ఈ వీడియోతో పని లేదు.

[దృశ్యం: కెమెరా పెట్టె మీద పెద్ద అక్షరాలలో జూమ్ అంకె.]

ముందుగా పెట్టె మీద కొట్టొచ్చినట్టు కనిపించే 50 ఎక్స్, 60 ఎక్స్, 83 ఎక్స్ అనే అంకెల సంగతి చూద్దాం. లెన్స్ దూరాన్ని ఎంత దగ్గరగా లాగుతుందో చెప్పే మిల్లీమీటర్ల కొలతను ఫోకల్ లెంగ్త్ అంటారు. ఎక్స్ అంటే ఆ అతి పొడవు కొలతను అతి పొట్టి కొలతతో భాగిస్తే వచ్చే సంఖ్య, అంతకు మించి దానికి అర్థం లేదు. 24 మిల్లీమీటర్ల నుంచి 1200 దాకా వెళ్లేది 50 ఎక్స్ అవుతుంది, 20 నుంచి అదే 1200 దాకా వెళ్లేది 60 ఎక్స్ అవుతుంది. పానసోనిక్ ఎఫ్‌జెడ్82 రెండో రకానికి చెందినది. దానిలోని అదనపు పది ఎక్సులు పక్షిని మీకు అంగుళం కూడా దగ్గర చేయవు, అవి మరికాస్త వెడల్పాటి గుడి గోపురాన్ని ఫ్రేములో పట్టించడానికి మాత్రమే పనికొస్తాయి.

మరి చూడవలసిన అంకె ఏది? అది పెట్టె మీద ఉండదు, లెన్స్ అంచు మీద ఉంటుంది.

[దృశ్యం: నికాన్ పీ950 లెన్స్ అంచు దగ్గరగా. తెల్లని అక్షరాలు చదవగలిగేంత దగ్గర.]

నికాన్ పీ950 లెన్స్ చుట్టూ 4.3 నుంచి 357 మిల్లీమీటర్లు అనీ, పక్కనే ఎఫ్ అంకెలుగా 2.8 నుంచి 6.5 అనీ రాసి ఉంటుంది. ప్రచారంలో చెప్పే 2000 మిల్లీమీటర్లు, బొమ్మను పట్టే పలక (సెన్సార్) చాలా పెద్దదైన ఫుల్‌ఫ్రేమ్ కెమెరాతో పోల్చి చెప్పే మాట, లెన్స్ అసలు పొడవు కొలత 357 మాత్రమే. ఈ 357ను చివరి అంకె 6.5తో భాగించండి. 55 వస్తుంది. జూమ్ పూర్తిగా చాచినప్పుడు వెలుతురు లోపలికి ప్రవేశించే కిటికీ వ్యాసం అదే, 55 మిల్లీమీటర్లు. వంద మీటర్ల దూరంలో ఉన్న పక్షి మీద నుంచి వచ్చే వెలుతురులో మీ కెమెరాకు ఎంత భాగం చేరుతుందో, ఈకల గీతలు ఎంత సన్నగా విడివిడిగా కనిపిస్తాయో ప్రధానంగా ఈ కిటికీయే నిర్ణయిస్తుంది.

ఇదే భాగహారం మిగతా కెమెరాలకూ చేసి చూస్తే నాకు ఆశ్చర్యం కలిగించిన సంగతులు బయటపడ్డాయి. 2018లో వచ్చిన కెనాన్ ఎస్‌ఎక్స్70 హెచ్‌ఎస్ ఫుల్‌ఫ్రేమ్‌తో పోల్చిన లెక్కలో 1365 మిల్లీమీటర్ల దాకా వెళ్తుంది, లెన్స్ మీది అసలు కొలతతో భాగిస్తే దాని కిటికీ 38 మిల్లీమీటర్లు. 2015 నాటి పానసోనిక్ ఎఫ్‌జెడ్300 అదే పోలిక లెక్కలో కేవలం 600 దాకా వెళ్తుంది, కానీ జూమ్ అంతటా ఎఫ్ 2.8 నిలుపుకుంటుంది కనుక దాని కిటికీ కూడా దాదాపు అంతే. అంటే దూరపు పక్షి నుంచి ఈ రెండూ పట్టే వెలుతురు ఇంచుమించు సమానం. ఒకటి బొమ్మను పెద్దదిగా పరిచి పలచన చేస్తుంది, మరొకటి చిన్నదిగా చిక్కగా ఉంచుతుంది.

ఇంతకంటే చిత్రమైన జంట మరొకటి ఉంది. 2017లో వచ్చిన సోనీ ఆర్‌ఎక్స్10 మార్క్ 4 ఈ తరహా కెమెరాలలో పెద్ద సెన్సార్ గలవాటిలో ఒకటి. దాని సెన్సార్ 13.2 మిల్లీమీటర్ల వెడల్పు, 8.8 మిల్లీమీటర్ల ఎత్తు ఉంటుంది, పీ950 సెన్సార్ కంటే వైశాల్యంలో నాలుగు రెట్లు. దీని లెన్స్ 220 మిల్లీమీటర్లు, ఎఫ్ 4. భాగించండి, మళ్లీ 55! పెద్ద సెన్సార్ కనుక చీకట్లో ఇదే మేలని చాలామంది అనుకుంటారు. పక్షి పది, పదిహేను మీటర్లలో ఉంటే ఆ మాట నూటికి నూరుపాళ్లు నిజం. పక్షి అందనంత దూరంలో ఉండి రెండు కెమెరాలలోనూ జూమ్ పూర్తిగా చాచవలసి వచ్చినప్పుడు మాత్రం రెండింటికీ చేరే వెలుతురు ఒకటే అవుతుంది. సోనీ ఫొటోను కత్తిరించి 2000 మిల్లీమీటర్లకు సమానం చేస్తే 20 మెగాపిక్సెళ్లలో రెండు కూడా మిగలవు.

అలాగని పీ950 ఇచ్చే 16 మెగాపిక్సెళ్లూ అసలైన వివరాలే అనుకోకూడదు. వెలుతురు తరంగం గనుక సన్నని కిటికీలోంచి వెళ్లేటప్పుడు అంచుల దగ్గర చెదురుతుంది, దాంతో చుక్క చుక్కలా పడక చిన్న బిళ్లలా పడుతుంది. 55 మిల్లీమీటర్ల కిటికీతో వంద మీటర్ల దూరంలోని రెండు గీతలు విడివిడిగా కనిపించాలంటే వాటి మధ్య ఎడం 1.2 మిల్లీమీటర్లు ఉండాలి. 38 మిల్లీమీటర్ల కిటికీకైతే 1.8 మిల్లీమీటర్లు కావాలి. ఇక 125 ఎక్స్ పేరుతో ప్రసిద్ధికెక్కిన నికాన్ పీ1000, 2025లో దాని స్థానంలో వచ్చిన పీ1100 రెండింటికీ కిటికీ 67 మిల్లీమీటర్లు, వాటికి ఒక మిల్లీమీటరు ఎడం చాలు. 1.2 నుంచి 1కి దిగడానికి మీరు మోయవలసిన అదనపు బరువు సుమారు 400 గ్రాములు. పీ950 కిలో, పీ1100 కిలోన్నరకు కొంచెం తక్కువ. నా మెడ ఆ బేరానికి ఒప్పుకోలేదు.

[దృశ్యం: ఉదయం చెరువు గట్టు. ఆ తర్వాత అదే చోటు మధ్యాహ్నం, దూరపు గట్టు అలలుగా కదులుతూ.]

ఇప్పటిదాకా చెప్పిన లెక్కలన్నీ గాలి నిశ్చలంగా ఉంటేనే. రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయంటారు, ఫొటోలు అంతకంటే ముందే పగులుతాయి. ఎండకు వేడెక్కిన నేల మీది గాలి పొరలు పొరలుగా కదులుతూ వెలుతురును వంచుతాయి. ఈ దృశ్యాన్ని చూడండి, ఉదయం ఏడు గంటలకు స్పష్టంగా ఉన్న గట్టు, పదకొండు గంటలకు నీళ్లలో ముంచి తీసినట్టు కనిపిస్తోంది. ఆ సమయంలో 1200 మిల్లీమీటర్లకూ 3000 మిల్లీమీటర్లకూ తేడా ఏమిటంటే, రెండోదానిలో వణుకు పెద్దదిగా కనిపిస్తుంది. పులికాట్, నేలపట్టు వైపు వెళ్లేవారు ఎంత ఖరీదైన కెమెరా కొన్నా, నిద్ర లేచే సమయం మార్చుకోకపోతే ఆ డబ్బు చాలావరకు వృథా అవుతుంది.

తరువాతి చిక్కు పక్షిని వెతుక్కోవడం. పీ950లో జూమ్ పూర్తిగా చాస్తే వంద మీటర్ల దూరంలో ఫ్రేములో పట్టే వెడల్పు 1.7 మీటర్లు, ముప్పై మీటర్లలో అర మీటరు. తుమ్మకొమ్మ మీద వాలిన లకుముకిపిట్ట అడుగున్నర పక్కకు జరిగితే మీ తెర మీద కొమ్మ ఒక్కటే మిగులుతుంది, ఏ కొమ్మో కూడా మీకు తెలియదు. అందుకే లెన్స్ పక్కన ఒక బొత్తాం పెట్టారు. దాన్ని నొక్కి పట్టుకుంటే జూమ్ కొంత వెనక్కి వచ్చి చుట్టూ చూపిస్తుంది, పక్షిని మళ్లీ నడిమికి తెచ్చుకుని వదిలేస్తే జూమ్ తిరిగి పాత చోటికే వెళ్తుంది. కెనాన్ ఎస్‌ఎక్స్70లోనూ ఇలాంటి సదుపాయం ఉంది. దుకాణంలో మెగాపిక్సెళ్ల గురించి అడిగే బదులు, కెమెరాను చేతిలోకి తీసుకుని ఈ బొత్తాం మీ వేలికి అందుతుందో లేదో చూసుకోండి.

వ్యూఫైండర్ గురించి ఒక్క మాట చాలు. ఎండలో వెనక తెర కనిపించదు కనుక కంటికి ఆనించుకునే కిటికీ బాగుండి తీరాలి. పీ950కి ముందు వచ్చిన పీ900లో అది నాసిగా ఉండేది, పీ950లో చాలా మెరుగైంది. ఎఫ్‌జెడ్82కూ 2024లో వచ్చిన ఎఫ్‌జెడ్82డికీ మధ్య చెప్పుకోదగ్గ తేడాలలో ఒకటి ఈ వ్యూఫైండర్, మరొకటి యూఎస్‌బీ-సీ రంధ్రం. ఆ రంధ్రానికి కారణం ఐరోపా సమాఖ్య చట్టం. 2024 డిసెంబరు 28 నుంచి అక్కడ అమ్మే కెమెరాలకు కూడా ఒకే రకం ఛార్జింగ్ ఉండాలని నియమం పెట్టారు.

ఎగిరే పక్షుల ఫొటోలు కావాలనేవారు మాత్రం నా లెక్కలన్నీ పక్కన పెట్టి సోనీ వైపు వెళ్లాలి. దానిలో కదిలేవాటిని వెంటనే పట్టుకునే ఫేజ్ డిటెక్షన్ ఫోకస్ ఉంది, సెకనుకు 24 ఫొటోలు తీస్తుంది. పీ950 సెకనుకు 7 చొప్పున పది ఫొటోలు తీసి, వాటిని కార్డులోకి రాసుకునేదాకా మిమ్మల్ని నిలబెడుతుంది. పాలపిట్ట గాలిలో పల్టీలు కొట్టేది సరిగ్గా ఆ వ్యవధిలోనే.

నాకు కావలసినవి గూటి మీదా కొమ్మ మీదా కూర్చున్న పక్షులు. అందుకే పీ950 ఎంచుకున్నాను. చవకగా దొరుకుతోందని పీ900 కూడా చూశాను కానీ, దానిలో రా ఫైల్, అంటే సెన్సార్ పట్టినదాన్ని మార్చకుండా దాచే ఫైల్, రాదు. తెల్లవారుజామున నీడలో ఉన్న పక్షిని తరువాత సరిదిద్దుకోవాలంటే రా ఫైల్ ఉండాలి. పైగా రెండింటి బ్యాటరీలు వేరు, ఒకదానివి మరొకదానికి పట్టవు.

[దృశ్యం: చేతిలో పీ950. గొట్టం నెమ్మదిగా చాచుకుంటోంది.]

ఈ తరగతిలో కొత్త మోడళ్లు చాలా అరుదుగా వస్తున్నాయి కనుక మీలో చాలామందికి సెకండ్ హ్యాండే గతి కావచ్చు. నేను కొన్నదీ అలాంటిదే, అందుకని చూసుకోవలసినవి చేసి చూపిస్తాను. జూమ్‌ను చివరిదాకా చాచి, వెనక్కి తెచ్చి, పదిసార్లు చేయండి. చప్పుడు మొదటిసారి ఎలా ఉందో పదోసారీ అలాగే ఉండాలి. గొట్టాన్ని పూర్తిగా చాచి కొసను రెండు వేళ్లతో మెల్లగా కదిపితే కొద్దిపాటి ఆట ఉండడం సహజం, టకటకమంటే వద్దు. తరువాత రోడ్డుకు అవతల ఉన్న దుకాణం బోర్డు మీద చిన్న అక్షరాలకు ఫోకస్ చేసి తీయండి, ఫొటో నాలుగు మూలలూ సమానంగా ఉన్నాయో లేదో పెద్దది చేసి చూడండి. ఒక మూల మసకగా ఉంటే ఆ కెమెరా ఎప్పుడో కింద పడి ఉండవచ్చు.

చివరగా జూమ్ చాచి, ఎఫ్ 8 పెట్టి, ఖాళీ ఆకాశాన్ని తీయండి. గొట్టం లోపలికీ బయటికీ కదిలినప్పుడల్లా కొలిమితిత్తిలా గాలిని పీలుస్తుంది, గాలితోపాటు ధూళిని కూడా. ఆకాశం ఫొటోలో గుండ్రని బూడిదరంగు మచ్చ కనిపిస్తే ధూళి సెన్సార్ మీద చేరిందన్నమాట. లెన్స్ ఊడని కెమెరాలో దాన్ని మనం తుడుచుకోలేము. నాకు చూపించిన మొదటి కెమెరాలో ఎడమ వైపు పైన అలాంటి మచ్చలు మూడు కనిపించాయి. అమ్మే ఆయన అవి మేఘాలన్నాడు. కెమెరాను పక్కకు తిప్పి మళ్లీ తీశాను. మేఘాలు కదలలేదు, మచ్చలు అదే మూలలో ఉన్నాయి. దాన్ని అక్కడే పెట్టేసి వచ్చి, మరో వారం ఆగి రెండోది తీసుకున్నాను.