‘నేను’ కోసం వెతికితే ఏం దొరుకుతుంది? నాగసేనుడు, డేవిడ్ హ్యూమ్

(తెరపై: మినాండర్ బొమ్మ ఉన్న వెండి నాణెం)

ఈయన గ్రీకు రాజు మినాండర్. క్రీ.పూ. 2వ శతాబ్దంలో భారత ఉపఖండం వాయవ్య ప్రాంతాన్ని ఏలాడు. పాళీ గ్రంథం ‘మిలిందపన్హ’లో కనిపించే మిలిందుడు ఈయనే. వాదనలో పండితుల నోళ్లు మూయించడంలో దిట్ట.

బౌద్ధ భిక్షువు నాగసేనుణ్ని మీ పేరేమిటని అడిగాడు. నాగసేనుడంటారు గానీ అది ఉత్త పేరే, అందులో వ్యక్తంటూ ఎవరూ దొరకరన్నాడు భిక్షువు. రాజు ఊరుకుంటాడా? మరి శీలం పాటించేదెవరు? మీ జుట్టు నాగసేనుడా? గోళ్లా? పళ్లా? అని నిలదీశాడు.

(తెరపై: రథం భాగాలు విడివిడిగా)

మీరు దేనిమీద వచ్చారని అడిగాడు నాగసేనుడు. రథం మీద. ఇరుసు రథమా? చక్రాలా? కాడా? దేనికీ అవుననలేకపోయాడు రాజు. ఇవన్నీ ఉంటేనే రథమనే పేరు వస్తుందని చివరికి తనే ఒప్పుకున్నాడు. నాగసేనుడు కూడా అంతేనట!

నాకు ఇంతకంటే ఇష్టమైన ఘట్టం దీని తర్వాతది. పసిబిడ్డా, పెద్దయిన మనిషీ ఒకరేనా? వేరే అన్నాడు రాజు. అయితే నేరం ఒకడిది, శిక్ష ఇంకొకడికా అన్నాడు నాగసేనుడు. రాత్రంతా వెలిగే దీపాన్ని చూపించాడు. మొదటి జాము మంటే చివరి జాములో ఉండదు. అలాగని అది వేరే దీపమూ కాదు. ఇంత కష్టమైన విషయాన్ని ఇంత తేలిగ్గా చెప్పినవాళ్లు అరుదు.

(తెరపై: స్కాట్లాండ్, 1739)

స్కాట్లాండ్ తత్వవేత్త డేవిడ్ హ్యూమ్‌కి అప్పటికి ముప్పై ఏళ్లు కూడా లేవు. లోపలికి చూసుకుంటే వేడి, చలి, ప్రేమ, ద్వేషం, బాధ, సుఖం కనిపిస్తున్నాయే తప్ప, ఇవేవీ లేని ‘నేను’ ఎప్పుడూ చిక్కలేదని రాశాడు. మనిషంటే ఈ అనుభవాల మూటే అన్నాడు. మిలిందపన్హ ఇంగ్లీషులోకి వచ్చింది 1890లో. హ్యూమ్ 1776లోనే చనిపోయాడు, అంటే దాన్ని ఇంగ్లీషులో చదివే వీలే ఆయనకు లేదు.

మాట దాదాపు ఒకటే, కానీ దాన్ని పట్టుకున్న తీరు వేరు. తన ఆలోచనలన్నీ ఎక్కడికి తీసుకెళ్తున్నాయో చూసి హ్యూమ్ దిగులుపడ్డాడు. భోంచేసి, స్నేహితులతో బ్యాక్‌గామన్ ఆడితేగానీ తేరుకోలేదు. 1740లో, ఈ చిక్కుముడి తనకు విడలేదని అచ్చులోనే ఒప్పుకున్నాడు. ఎంత నిజాయితీ! భిక్షువుకి ఆ టెన్షన్ లేదు. ‘నాది’ అన్న పట్టు వదిలించుకోవడమే ఆయన దారి, ఈ ప్రశ్న అందులో ఒక మెట్టు.

1748 నాటి పుస్తకంలో హ్యూమ్ ఈ చర్చనే వదిలేశాడు. మిలిందుడు మాత్రం రాజ్యం కొడుక్కి అప్పగించి భిక్షువయ్యాడని ఆ పాళీ గ్రంథం చెబుతోంది.