నాదస్వరం ముందు నాలుగు హెడ్‌ఫోన్లు

(ఒంగోలులో సంగీతాభిమానుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)

సభలోని పెద్దలకు నమస్కారం. నెల్లూరు, కావలి, కందుకూరు నుంచి ఈ ఎండలో బయల్దేరి వచ్చిన మిత్రులకు ప్రత్యేకంగా కృతజ్ఞతలు.

నన్ను మాట్లాడమన్నది హెడ్‌ఫోన్ల గురించి. అందులోనూ 10 వేల నుంచి 30 వేల రూపాయల మధ్య దొరికేవాటి గురించి. అంతకు తక్కువలో కొనేవాళ్ళు పెద్దగా ఆలోచించరు, పాడైతే ఇంకోటి తెచ్చుకుంటారు. లక్షలు పెట్టేవాళ్ళకు నా సలహా అక్కర్లేదు. మధ్యలో ఉన్నవాళ్ళకే టెన్షన్ అంతా. జీతంలో మిగిల్చిన డబ్బుతో ఒక్కటే కొనాలి, అది ఏళ్ళ తరబడి ఉండాలి, పాట పాటలా వినిపించాలి. ఇక్కడ గానీ నెల్లూరు ట్రంక్ రోడ్డులో గానీ ఇలాంటివి తలకు పెట్టుకుని, నింపాదిగా విని చూసి కొనడం కుదిరే పని కాదు. ఆన్‌లైన్‌లో ఆర్డర్ పెట్టి, ఇంటికొచ్చాక వినాల్సిందే. అందుకని ఎవరో రాసిన మాటలను నమ్ముకుంటాం. ‘సౌండ్ వెచ్చగా ఉంది’ అని ఒకరంటారు, ‘గాలి ఆడుతోంది’ అని ఇంకొకరంటారు. ఆ మాటలు చదివి హెడ్‌ఫోన్ ఎట్లా మోగుతుందో ఊహించడం ఎవరి తరమూ కాదు.

నేను చెప్పదలుచుకున్నది ఇంతే. మీరు ఎదురుగా కూర్చుని, చెవులారా విన్న వాద్యం ఒకటి ఎంచుకోండి. దాని రికార్డింగ్‌ను అన్ని హెడ్‌ఫోన్లలోనూ ఒకే వాల్యూమ్‌లో వినండి. మీరు విన్నదానికి ఏది దగ్గరగా ఉందో అదే మీకు మంచి హెడ్‌ఫోన్.

నేను ఎంచుకున్నది నాదస్వరం. పెళ్ళిళ్ళలో, తిరునాళ్ళలో, కచేరీల్లో నాదస్వరం, డోలు రికార్డ్ చేసి, ఇంటికి తెచ్చుకుని సరిచేయడం నా పని. పని సంగతి అటుంచి, ఈ వాద్యం మన ప్రాంతపు సొత్తు. ఈ సభకు కూతవేటు దూరంలో ఉన్న కరవదిలోనే 1924లో నాదస్వర విద్వాంసుడు షేక్ చినమౌలానా పుట్టారు. ఆ తర్వాత శ్రీరంగంలో స్థిరపడ్డారు. 1998లో మద్రాసు మ్యూజిక్ అకాడమీ ఆయనకు సంగీత కళానిధి బిరుదు ఇచ్చింది. ఇక్కడున్న చాలామంది నాదస్వరాన్ని సినిమా హాల్లో కాకుండా, గుడి ముందు పది అడుగుల దూరంలో నిలబడి విన్నవాళ్ళే. అది ఎట్లా ఉంటుందో మీకు ఎవరూ చెప్పనక్కర్లేదు. హెడ్‌ఫోన్లను పరీక్షించడానికి ఇంతకన్నా పెద్ద అర్హత లేదని నా నమ్మకం.

ఎందుకంటే స్టూడియో పాటతో ఒక చిక్కుంది. ఆ పాటను మిక్స్ చేసిన ఇంజనీరు ఏ స్పీకర్లలో విన్నాడో, బేస్ ఎంత పెంచాడో మనకు తెలీదు. పాటలో బేస్ ఎక్కువగా వినిపిస్తే, తప్పు హెడ్‌ఫోన్‌దా, మిక్సింగ్‌దా అనేది తేలదు. నేను ఇప్పుడు వినిపించబోయే రికార్డింగ్‌లో ఆ చిక్కు లేదు. వాద్యాలకు ఆరడుగుల దూరంలో రెండు మైకులు పెట్టాను. బేస్ లాంటివి పెంచి తగ్గించే ఈక్వలైజర్ గానీ, గది మోతను కలిపే రీవెర్బ్ గానీ ఏమీ కలపలేదు. మైకుల పక్కనే నేనున్నాను.

బల్ల మీద ఉన్నవి చెబుతాను. ఎడమ చివర సెన్‌హైజర్ హెచ్‌డి 600. 1997లో వచ్చింది, ఇప్పటికీ అమ్ముతున్నారు. దాని పక్కన బయర్‌డైనమిక్ డిటి 990 ప్రో. మూడోది హైఫైమాన్ సుందర, 2018లో వచ్చింది. ఈ మూడూ ఓపెన్ బ్యాక్, అంటే వెనకవైపు జాలీ ఉండి శబ్దం అటూ ఇటూ పోతుంది. ఈ పద్ధతి జనంలోకి వచ్చింది 1968లో సెన్‌హైజర్ తెచ్చిన హెచ్‌డి 414తో. నాలుగోది ఆడియో-టెక్నికా ఎం50ఎక్స్, ఇది క్లోజ్డ్ బ్యాక్, అంటే వెనక మూసి ఉంటుంది. రికార్డింగ్ జరిగేటప్పుడు నేను వాడేది ఇదే. పక్కన డోలు మోగుతుంటే ఓపెన్ హెడ్‌ఫోన్‌లో మైకు ఏం పట్టుకుంటోందో వినపడదు.

అన్నిటికన్నా ముందు వాల్యూమ్ సంగతి. హెడ్‌ఫోన్లను పోల్చేటప్పుడు ఎక్కువమంది బోల్తా పడేది ఇక్కడే. హెచ్‌డి 600 ఇంపెడెన్స్, అంటే కరెంటుకు అడ్డుపడే గుణం, 300 ఓమ్‌లు, డిటి 990 ప్రోది 250. మిగతా రెండిటిదీ 40 లోపే. ఫోనుకు పెట్టే చిన్న హెడ్‌ఫోన్ అడాప్టర్ ఉంటుంది కదా, ఆ డాంగిల్ ఒకదానికే, వాల్యూమ్ కదపకుండా, ఒకదాని తర్వాత ఒకటి తగిలిస్తే ఎం50ఎక్స్ గట్టిగా మోగుతుంది, హెచ్‌డి 600 నీరసంగా ఉంటుంది. గట్టిగా మోగేది మన చెవికి బాగున్నట్టే అనిపిస్తుంది. 1933లోనే ఫ్లెచర్, మన్సన్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు మనిషి చెవి మీద పరీక్షలు చేసి, శబ్దం తగ్గేకొద్దీ బేస్ మరింతగా వినపడకుండా పోతుందని చూపించారు. అంటే వాల్యూమ్ కాస్త పెరిగినా బేస్ నిండుగా, పాట జీవంగా అనిపిస్తుంది. తేడా ఒక డెసిబెల్ కూడా లేనప్పుడు అది వాల్యూమ్ తేడా అని పోల్చుకోలేం, ‘ఇందులో క్లారిటీ ఉంది’ అనేస్తాం.

దీనికి ఇంట్లోనే చేసుకోగలిగిన ఉపాయం ఉంది. మందపాటి అట్టముక్కకు చిన్న రంధ్రం చేసి, ఫోను మైకు సరిగ్గా ఆ రంధ్రం దగ్గరకు వచ్చేట్టు పట్టుకోండి. ఇయర్‌ప్యాడ్‌ను అట్ట మీద సందు లేకుండా ఆనించి, 500 హెర్ట్జ్ టోన్, అంటే సెకనుకు 500 సార్లు కంపించే స్వరం, ప్లే చేయండి. సౌండ్ మీటర్ యాప్‌లో వచ్చిన అంకె రాసుకోండి. రెండో హెడ్‌ఫోన్‌లో కూడా అదే అంకె వచ్చేదాకా వాల్యూమ్ సర్దండి. యాప్ చూపించే అంకె ఖచ్చితం కాకపోయినా ఫరవాలేదు, రెండిటికీ ఒకటే రావాలి, అంతే. బల్ల మీదున్న నాలుగిటినీ పొద్దున అట్లాగే సరిచేసి పెట్టాను.

ఇక అసలు విషయం. చాలా ఏళ్ళుగా నా రికార్డింగుల్లో డోలు వాయించే పెద్దాయన ఒకరున్నారు. ఆయన వాయించిన కచేరీనే ఈ హెడ్‌ఫోన్లలో ఆయనకు వినిపించాను. పేర్లు చెప్పలేదు, ధర చెప్పలేదు. ముందు హెచ్‌డి 600 పెట్టాను. కళ్ళు మూసుకుని కాసేపు విని, “నాదస్వరం అచ్చంగా ఉంది, ఊపిరి తీసుకోవడం కూడా వినపడతా ఉంది. నా ఎడం చెయ్యి ఏడబోయింది అబ్బాయ్?” అన్నారు.

సరిగ్గా పట్టుకున్నారు. డోలులో కుడివైపు మూతను వేళ్ళకు తొడుగులు వేసుకుని వాయిస్తారు, ఎడమవైపు కర్రతో కొడతారు. ఆ కర్ర దెబ్బలో ఉన్న బరువంతా కింది ఫ్రీక్వెన్సీల్లో, అంటే తక్కువ హెర్ట్జ్‌ల లోతైన శబ్దంలో ఉంటుంది. హెచ్‌డి 600లో సుమారు 100 హెర్ట్జ్ దాటి కిందికి పోయేకొద్దీ శబ్దం మెల్లగా తగ్గిపోతుంది. దెబ్బ పడిందని తెలుస్తుంది గానీ, గుండెకు తగలదు.

తర్వాత సుందర పెట్టాను. అది ప్లేనార్ రకం. పల్చటి పొర మీద తీగ పరిచి ఉంటుంది, పొర మొత్తం అయస్కాంతాల మధ్య ఒక్కసారిగా కదులుతుంది. మామూలు హెడ్‌ఫోన్‌లో కాయిల్ అతికించిన డయాఫ్రమ్ కదులుతుంది. ప్లేనార్‌లో లోతైన బేస్ పెద్దగా తగ్గకుండా చివరిదాకా వస్తుంది. ఆయన చెయ్యి ఎత్తి, “ఇదిగో, వచ్చింది” అన్నారు. అయితే నాదస్వరం కాస్త వెనక్కి జరిగినట్టుందని కూడా ఆయనే అన్నారు. నాకూ అట్లాగే వినిపిస్తుంది. సుందరలో 1 వేయి, 2 వేల హెర్ట్జ్‌ల నడుమ కొంచెం పల్లం ఉంది. దానివల్ల కచేరీ విశాలంగా అనిపిస్తుంది గానీ వాయించే మనిషి నాలుగడుగులు దూరం జరుగుతాడు.

డిటి 990 ఆయన ఎక్కువసేపు ఉంచుకోలేదు. వేలి తొడుగుల దెబ్బలు చెవిలో గుచ్చుకుంటున్నాయన్నారు. ఆ మోడల్‌కు 8 వేల హెర్ట్జ్ ప్రాంతంలో పెద్ద ఎత్తు ఉందన్నది అందరికీ తెలిసిందే, కొలతల్లోనూ కనిపిస్తుంది. ఎలక్ట్రానిక్ సంగీతం వినేవాళ్ళకు ఆ మెరుపు నచ్చవచ్చు. పాత క్యాసెట్ల నుంచి ఎక్కించిన కచేరీలు వినేవాళ్ళకు మాత్రం నేను చెప్పను. అందులో సంగీతం కన్నా టేపు బుస ముందు వినిపిస్తుంది.

నాదస్వరం హెచ్‌డి 600లో అచ్చంగా ఎందుకుందో కొంచెం వివరంగా చెప్పాలి. మన చెవి రంధ్రం సుమారు రెండున్నర సెంటీమీటర్ల గొట్టం, ఒక చివర కర్ణభేరితో మూసి ఉంటుంది. ఆ పొడవు గొట్టం 3 వేల హెర్ట్జ్ దగ్గర దానంతటదే మోగుతుంది. ఎదురుగా ఉన్న మనిషి గొంతు మన చెవిలోకి వచ్చేసరికి ఆ ప్రాంతంలో బాగా పెరిగి కర్ణభేరిని చేరుతుంది. పుట్టినప్పటి నుంచీ అట్లా వింటున్నాం కాబట్టి అదే మనకు సహజం. హెడ్‌ఫోన్ చెవికి ఆనుకుని ఉంటుంది, దాని శబ్దం తల, చెవి డొప్ప మీదుగా మామూలు దారిలో రాదు. అందుకని తయారుచేసేవాడు ఆ పెరుగుదలలో లోటుపడిన మేరకు లెక్కవేసి హెడ్‌ఫోన్‌లోనే కలపాలి. తక్కువ కలిపితే గొంతు దుప్పటి కప్పుకున్నట్టు ఉంటుంది, ఎక్కువైతే అరుపులా ఉంటుంది. నాదస్వరం జంట పీకల వాద్యం. దాని మూలస్వరం కొన్ని వందల హెర్ట్జ్‌ల దగ్గరే ఉన్నా, దానితోపాటే పైన పుట్టే అనుస్వరాలు, అంటే హార్మోనిక్స్, 2 వేల నుంచి 4 వేల దాకా బలంగా ఉంటాయి. అంటే సరిగ్గా ఈ లెక్క తప్పే చోటే. లెక్క కాస్త తేడా పడినా నాదస్వరం వెంటనే పట్టిస్తుంది. గిటారు, కీబోర్డు అంతగా పట్టించవు. హెచ్‌డి 600లో ఈ లెక్క చాలావరకు సరిగ్గా కుదిరింది. మన నెల్లూరు బాలుగారి గొంతు దీనిలో వింటే, పదం చివర ఆయన మెత్తగా వదిలే గాలి కూడా గొంతులో భాగంగానే వినిపిస్తుంది.

ఈ పెరుగుదల ఎంత ఉండాలన్న దాని మీద హర్మన్ అనే ఆడియో సంస్థలో షాన్ ఆలివ్, టాడ్ వెల్టీ అనే పరిశోధకులు 2012 ప్రాంతం నుంచి గట్టి పరిశోధన చేశారు. ఏ హెడ్‌ఫోనో వినేవాళ్ళకు తెలీకుండా వినిపించారు. మంచి గదిలో మంచి స్పీకర్ ఎట్లా మోగుతుందో దానికి దగ్గరగా ఉన్నదాన్నే ఎక్కువమంది ఇష్టపడ్డారు. ఇక ధర సంగతి. 2017లో యెరూన్ బ్రేబార్ట్ అనే పరిశోధకుడు 283 హెడ్‌ఫోన్ల ఫ్రీక్వెన్సీ రెస్పాన్స్, అంటే ఏ ఫ్రీక్వెన్సీ ఎంత గట్టిగా మోగుతుందో, కొలిచి, దానికీ ధరకూ సంబంధం కనిపించలేదని ప్రచురించారు. 30 వేల దగ్గర ఆగిపోతున్నామే అని ఎవరూ బాధపడనక్కర్లేదు.

ఎం50ఎక్స్ గురించి ఎక్కువ చెప్పను. బేస్ పెంచి ఉంటుంది, రికార్డింగ్‌లో కాపలా కాయడానికి బాగుంటుంది, కూర్చుని రెండు గంటల కచేరీ వినడానికి నాకు నచ్చదు. పైగా దాని ప్యాడ్లు తోలులాంటివి. రోహిణి కార్తెలో ఒంగోల్లో అవి పెట్టుకుంటే పావుగంటకే చెవుల చుట్టూ చెమట. డిటి 990, హెచ్‌డి 600 ప్యాడ్లకు వెల్వెట్ లాంటి బట్ట ఉంటుంది కాబట్టి కాస్త నయం. కానీ ఓపెన్ బ్యాక్‌లో ఫ్యాను చప్పుడు లోపలికొస్తుంది. ఫ్యాను ఆపి వినడం మే నెలలో మనవల్ల కాదు కదా! ఏసీ గది లేనివాళ్ళు రాత్రి పొద్దుపోయాక, ఫ్యాను తగ్గించి వినండి. చెమటకు ప్యాడ్లు తొందరగా పాడవుతాయి. ఈ విషయంలో హెచ్‌డి 600ను మెచ్చుకోవాలి. ప్యాడ్లు, కేబుల్, తల మీది దిండు అన్నీ విడిగా దొరుకుతాయి, ఇంట్లోనే మార్చుకోవచ్చు. డిటి 990 ప్రో ప్యాడ్లూ మార్చుకోవచ్చు గానీ కేబుల్ ఊడిరాదు. తెగితే సోల్డరింగ్ తెలిసినవాళ్ళ దగ్గరకు పోవాలి.

ఆంప్లిఫయర్ కావాలా అని చాలామంది అడుగుతారు. 1 వోల్ట్ ఇచ్చే మామూలు డాంగిల్‌తో హెచ్‌డి 600 కూడా ఇంట్లో వినడానికి సరిపడా మోగుతుంది. చిన్నగా రికార్డ్ అయిన పాత కచేరీలకే చాలకపోవచ్చు. పాత స్టీరియో ఆంప్లిఫయర్లకు ఉండే హెడ్‌ఫోన్ సాకెట్‌తో జాగ్రత్త. వాటిలో వరుసగా పెద్ద రెసిస్టర్ ఉంటుంది. హెచ్‌డి 600 ఇంపెడెన్స్ 100 హెర్ట్జ్ దగ్గర 500 ఓమ్‌లు దాటుతుంది కాబట్టి ఆ సాకెట్‌లో పెడితే అక్కడ బేస్ ఒకటి రెండు డెసిబెల్స్ పెరుగుతుంది. అది ఆంప్లిఫయర్ గొప్పతనం అనుకుని డబ్బు పెట్టకండి.

డబ్బు పెట్టకుండా చేయగలిగింది ఈక్వలైజర్. డిటి 990 ఇప్పటికే మీ దగ్గరుంటే 8 వేల హెర్ట్జ్ దగ్గర నాలుగైదు డెసిబెల్స్ తగ్గించి వినండి, వేరే హెడ్‌ఫోన్ కొన్నట్టుంటుంది. హెచ్‌డి 600లో కింది బేస్ కొంతవరకే పెంచుకోవచ్చు. ఎక్కువ పెంచితే డయాఫ్రమ్ తట్టుకోలేక శబ్దం బొంగురుపోతుంది. పెద్దాయన ఎడం చెయ్యి పూర్తిగా తిరిగి రాదు.

ఒకటే కొనాలంటే ఏదని అడుగుతారు కాబట్టి చెబుతున్నాను. గొంతు, నాదస్వరం, వీణ, వయొలిన్ వినేవాళ్ళు హెచ్‌డి 600 తీసుకోండి. డోలు, మృదంగం, తబలా ప్రాణంగా వినేవాళ్ళు సుందర తీసుకోండి. నేను మాత్రం నా బల్ల మీద హెచ్‌డి 600నే ఉంచుకుంటాను. గాత్రం దెబ్బతింటే మిగతావి ఎంత బాగున్నా నేను సర్దుకోలేను.

వినేటప్పుడు చెవుల సంగతి కూడా చూసుకోవాలి. ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పే హద్దు 80 డెసిబెల్స్, వారానికి 40 గంటలు. 90 డెసిబెల్స్ అయితే అదే వారానికి 4 గంటలే. ఇందాకటి అట్టముక్క పరీక్షలో ఒకసారి మీ అలవాటు వాల్యూమ్ కూడా చూసుకోండి. చెవిలో జుయ్యిమని మోత మొదలైన పిల్లలు మీ ఇళ్ళలో ఉంటే, దయచేసి ఆలస్యం చేయకుండా డాక్టరుకు చూపించండి.

ఇప్పుడు వినే కార్యక్రమం. నాలుగు కుర్చీలు వేశాం, నలుగురేసి రండి. హెడ్‌ఫోన్ల మీది పేర్లకు కాగితం అంటించి, వరుస కూడా ఇప్పుడు మారుస్తాను. ఎవరూ వాల్యూమ్ ముట్టుకోవద్దు. కళ్ళద్దాలు ఉన్నవాళ్ళు తీసి పెట్టుకోండి. ఫ్రేము వల్ల ప్యాడ్‌కూ చర్మానికీ మధ్య సందు పడి బేస్ పోతుంది, ముఖ్యంగా సుందరలో, ఎం50ఎక్స్‌లో. మొదటి రెండు నిమిషాలు ఒంటి నాదస్వరం, ఆ తర్వాత డోలు కలుస్తుంది. విన్నది కాగితం మీద రాసి ఇవ్వండి, పక్కవాళ్ళతో మాట్లాడుకునేది ఆ తర్వాతే. ముందు వరుసలో ఉన్న పెద్దలతో మొదలుపెడదాం, రండి.